కొబ్బరి మానులో చేవ ఎక్కడుంది?

"ఏదైనా పాఠంలా ఉండేది రాయండిరా, కవితలు ఇప్పటికే ఎక్కువ వచ్చాయి" అని వార్డెన్ గారు కబురు చేశారు. మేము నలుగురం. ఇద్దరం ఐ.టి.ఐ. చదివాం, ఒకడు డిగ్రీ పూర్తి చేశాడు, ఒకడు చదువు ఆపి చెట్లు కోసే జట్టులో చేరాడు. నలుగురిదీ ఉద్దానమే. నలుగురికీ బాగా తెలిసిన పాఠం ఏదని ఆలోచిస్తే ఇదొక్కటే తేలింది. పడిపోయిన కొబ్బరి చెట్టు, దాన్ని కోసే చైన్ రంపం, ఆ రంపం పట్టే మనిషి.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. గాలి వేగం గంటకు 140 నుంచి 150 కి.మీ. అని తరువాత పేపర్లో చదివాం. అప్పటికి మేము ఎనిమిదో తరగతి. ఆ రాత్రి ఇళ్ళ దగ్గరే ఉన్నాం. తెల్లారి తలుపు తీసి చూస్తే, ఎప్పుడూ కనిపించని పక్క ఊరి గుడి గోపురం మా గుమ్మంలోంచి కనిపించింది. మధ్యలో ఉండాల్సిన కొబ్బరి తోటలు నేల మీద ఉన్నాయి. జీడి చెట్లు వేళ్ళతో సహా లేచిపోయాయి. ఉద్యానవనం అనే మాటే ఉద్దానం అయిందని మన పెద్దలు చెబుతారు కదా, ఆ రోజు ఆ మాట చెప్పడానికి ఎవరికీ నోరు రాలేదు.

తరువాత రెండు మూడు నెలలు మా ఊళ్ళలో వినిపించిన చప్పుడు ఒక్కటే, చైన్ రంపం మోత. కొబ్బరి మానును ముక్కలుగా అడ్డంగా కోసి, ట్రాక్టరుకెత్తి, కారుచౌకగా తోలించారు. కొందరు రైతులు తోట ఖాళీ అయితే చాలని ఎదురు కూలి ఇచ్చి మరీ కోయించుకున్నారు. మా జట్టు మేస్త్రి మావ అప్పుడు అన్న మాట మాకు గుర్తుంది. "ఒరే, తాటి మాను పడితే వాసాలు తీస్తాం, దూలం తీస్తాం. కొబ్బరి మాను ఏటి పాపం సేసింది? అదీ దాని సెల్లెలే గదరా!"

మావ బడికి వెళ్ళింది మూడో తరగతి వరకే. ఆ మాట ఎంత సరైనదో మాకు చాలా ఏళ్ళ తరువాత తెలిసింది.

రెండు పురుగుల కథ

పడిన కొబ్బరి మానును అంత తొందరగా ఎందుకు తీసేయాలి? పిలక నాటడానికి చోటు కావాలి, అదొక కారణం. రెండోది కొమ్ము పురుగు. మన తోటల్లో మొవ్వులో దూరి, లేత ఆకును కత్తెరతో కోసినట్టు కొరికేసే నల్ల పెంకు పురుగు ఇదే. అది గుడ్లు పెట్టేది పెంటకుప్పల్లో, కుళ్ళుతున్న కొబ్బరి మానుల్లో. పడిన మానులను అలాగే వదిలేస్తే వాటిలో పిల్ల పురుగులు పెరుగుతాయి, పెరిగి నిలబడి ఉన్న చెట్ల మీదికీ కొత్త పిలకల మీదికీ వెళతాయి. అంటే తుపాను చంపకుండా వదిలిన చెట్టును ఆ తరువాత పురుగు చంపుతుంది.

ఒక పురుగు రంపం పని తెచ్చిపెట్టింది. ఆ రంపానికి పన్ను ఇచ్చింది ఇంకో పురుగు. అమెరికాలో ఆరెగాన్ అనే రాష్ట్రంలో జోసెఫ్ బ్యూఫర్డ్ కాక్స్ అనే చెట్లు కొట్టే పనివాడు ఉండేవాడు. అప్పటి చైన్ రంపం పళ్ళు మామూలు రంపం పళ్ళలాగే సూటిగా ఉండేవి, తొందరగా మొద్దుబారేవి, సగం రోజు ఆకురాయి పట్టడానికే సరిపోయేది. 1946 లో ఆయన ఒక మొద్దులో తొలుస్తున్న పెంకు పురుగు పిల్లను చూశాడు. అది కర్ర నారకు అడ్డంగానూ పోతోంది, నిలువుగానూ పోతోంది, దానికి తేడా లేదు. దగ్గరగా చూస్తే దాని దవడలు రెండూ అటు ఒకటి ఇటు ఒకటిగా వంపు తిరిగి ఉన్నాయి. ఆ దవడలనే ఉక్కుతో పోతపోసినట్టుగా, కుడికి ఒక పన్ను ఎడమకు ఒక పన్ను ఉన్న గొలుసును 1947 లో తయారు చేశాడు. ఈ రోజు ప్రపంచంలో ఏ చైన్ రంపం చూసినా పన్ను రూపం ఆ వంశానిదే. శాస్త్రవేత్త కాదు, ఇంజనీరు కాదు, మన నాన్నల్లాగే చెట్టు పని చేసేవాడు కనిపెట్టాడని మేము దీన్ని కాస్త పొడిగించి రాస్తున్నాం, విసుక్కోకండి.

గొలుసు రంపం మొదట పుట్టింది కర్ర కోసం కూడా కాదు. 18 వ శతాబ్దం చివర్లో స్కాట్లాండులో ఇద్దరు వైద్యులు ఎముక కోయడానికి చేతితో లాగే చిన్న గొలుసు రంపం వాడారు. కర్ర కోసే యంత్రంగా దాన్ని అమ్మకానికి తెచ్చినవారిలో ముఖ్యుడు జర్మనీకి చెందిన ఆండ్రియాస్ స్టీల్. 1926 లో కరెంటుతో నడిచేది, 1929 లో పెట్రోలుతో నడిచేది తీసుకొచ్చాడు. అవి ఇద్దరు మనుషులు మోయాల్సిన బరువు. ఇప్పుడు మా జట్టులో ఒక్కడే పట్టుకుని తాటి చెట్టు మొదలు దగ్గర గొంతుక్కూర్చుని కోస్తాడు.

పొద్దున్న నాలుగున్నర నుంచి

జట్టంటే మామూలుగా అయిదుగురు. మిషను పట్టేవాడు ఒకడు, అతని పక్కన పెట్రోలు డబ్బా, చీలలు, గొడ్డలి పట్టుకుని ఉండేవాడు ఒకడు, తాళ్ళు లాగేవారు ఇద్దరు, కొమ్మలు ఏరి ట్రాక్టరుకెత్తేవాడు ఒకడు. ఆడవాళ్ళు మట్టలు చీల్చి ఈనెలు తీయడానికి వస్తారు, వాళ్ళకు జట్టు లెక్కలో వాటా ఉండదు, విడిగా కూలి ఇస్తారు. ఇది మాకు ఎప్పుడూ నచ్చలేదు. కూలి పంచేటప్పుడు మనిషికి ఒక వాటా, మిషనుకు ఒక వాటా. మిషను సొంతమైతే రెండు వాటాలూ ఇంటికి వస్తాయి, అద్దెదైతే దాని వాటా దాని యజమానికి పోతుంది.

నాలుగున్నరకు లేచి, చోడి అంబలి తాగి, అయిదుకల్లా గొలుసు ముందు కూర్చుంటారు. ఒక చేత్తో గొలుసు కదలకుండా పట్టి, రెండో చేత్తో గుండ్రటి ఆకురాయిని ఒక్కో పన్నుకు రెండు మూడు సార్లు, ముందుకు తోస్తారే గాని వెనక్కి రుద్దరు. కుడి పళ్ళన్నీ అయ్యాక ఎడమవి. మేస్త్రి మావ గొలుసు పదును చేతితో చూడడు, పొట్టు చూస్తాడు. పొట్టు రేకులు రేకులుగా పడితే పదునుంది, పిండిలా పడితే మొద్దుబారింది. "మిషను గోల పెడతందంటే దాని తప్పు గాదురా, పన్ను ఆకలేస్తందని సెప్తంది" అంటాడు.

తరువాత నూనె కలపడం. ఇది రెండు స్ట్రోకుల ఇంజను, పెట్రోలులోనే ఇంజను నూనె కలపాలి. తయారీదారు 50 కి 1 అని చెబితే లీటరు పెట్రోలుకు 20 మి.లీ. నూనె, 40 కి 1 అంటే 25 మి.లీ. మా ఊళ్ళో దీన్ని సీసా మూతతో కొలిచేవారు. కంటి అంచనాతో తక్కువ పోసి ఇంజను పిస్టను కాల్చుకున్నవారు ఉన్నారు. ఐ.టి.ఐ.లో చేరాక మేము చేసిన మొదటి మేలు మందుల షాపులో దొరికే కొలత గ్లాసు ఒకటి కొని జట్టుకు ఇవ్వడం. గొలుసుకు రాసే నూనె వేరు, అది వేరే ట్యాంకులో పోయాలి. మిషనుకు ఎదురుగా తెల్ల చెక్క పెట్టి ఇంజను రేపితే చెక్క మీద సన్నటి నూనె గీత పడాలి. పడకపోతే ఆ రోజు మొదలు పెట్టకూడదు.

అడ్డకోత, నిలువు కోత

ఇప్పుడు అసలు పాఠం. చెట్టును ముక్కలు చేయడం అడ్డకోత. దుంగను పొడవునా చీల్చి పలకలు తీయడం నిలువు కోత. కర్ర అంటే పక్కపక్కన కట్టిన నార గొట్టాల కట్ట అనుకోండి. అడ్డంగా కోసేటప్పుడు పన్ను ఆ గొట్టాలను తెంపాలి. నిలువుగా కోసేటప్పుడు గొట్టాల చివరలను చిత్రిక పట్టినట్టు లేపాలి. రెండు పనులకూ ఒకే పదును కుదరదు. అడ్డకోత గొలుసు పన్నును సుమారు 30 డిగ్రీల కోణంలో అరగదీస్తారు. నిలువు కోతకు 10 డిగ్రీలు, అంటే దాదాపు తిన్నగా. మా వాళ్ళు పాత గొలుసునే 10 డిగ్రీలకు మార్చుకోవచ్చని తెలియక, అడ్డకోత గొలుసుతోనే ఒకసారి పలక తీయబోయి, అంతా గరుకు గరుకుగా వచ్చిందని విసిగి వదిలేశారు.

పలక సమంగా రావడానికి ఒక చట్రం కావాలి. రంపం బ్లేడుకు రెండు వైపులా బిగించే నిచ్చెన లాంటి ఇనుప చట్రం అది. బ్లేడుకూ చట్రానికీ మధ్య దూరం ఎంత పెడితే పలక మందం అంత. అమెరికాలో గ్రాన్‌బర్గ్ అనే సంస్థ దీన్ని 1960 లలో అలాస్కన్ మిల్లు అనే పేరుతో అమ్మింది, ఇప్పటికీ ఆ పేరే వాడుక. మొదటి కోతకు దుంగ మీద చదునైన చోటు ఉండదు కాబట్టి, తిన్నని చెక్కను గానీ అల్యూమినియం నిచ్చెనను గానీ దుంగ మీద మేకులతో నిలిపి, దాని మీద చట్రాన్ని జరుపుతారు. ఆ కోతతో దుంగకు చదునైన ముఖం వస్తుంది, రెండో కోత నుంచి ఆ ముఖం మీదే జరుపుకుంటూ పోవడమే.

దీనికి చిన్న మిషను చాలదు. నిలువు కోతలో ఇంజను పూర్తి వేగంతో నిమిషాల తరబడి ఆగకుండా లాగాలి. సన్న దుంగలకు 60, 70 సి.సి. ఉండాలి, వెడల్పు దుంగలకు 90 సి.సి. వరకూ వాడతారు. ప్రతి కోత తరువాత ఇంజనును కాసేపు వట్టిగా తిరగనిచ్చి చల్లబరచాలి.

నష్టం కూడా చెప్పాలి. చైన్ రంపం దారి వెడల్పు సుమారు 8 మి.మీ. అంగుళం పలకలు తీస్తే, మూడు పలకలకు దాదాపు ఒక పలకంత కర్ర పొట్టుగా రాలిపోతుంది. కోత మిల్లులో బ్యాండ్ రంపం దారి 2, 3 మి.మీ. మాత్రమే, అక్కడ పది పలకలకు ఒక పలక పోతుంది. అందుకే మిల్లుకు తోలగలిగిన దుంగను మిల్లుకే తోలాలి. ట్రాక్టరు పోని తోటలో, కిరాయి గిట్టుబాటు కాని దుంగకు మాత్రమే ఈ పద్ధతి. ఇంకో సంగతి, చైన్ రంపం వీపు మీద మోసుకుపోయే మిల్లు కాబట్టి దొంగ కోతకూ అదే వీలు. ఘానా దేశం 1998 లో అమ్మకం కోసం చైన్ రంపంతో పలకలు తీయడాన్నే నిషేధించింది. ఫిలిప్పీన్స్ 2002 లో చట్టం చేసి ప్రతి చైన్ రంపాన్నీ రిజిస్టరు చేయించాలంది. మన దగ్గర చెట్టు కొట్టడానికి 2002 నాటి వాల్టా చట్టం ఉంది, కోత మిల్లుకు అటవీ శాఖ లైసెన్సు ఉంది. పడిపోయిన చెట్టయినా సరే, రంపం పెట్టే ముందు సచివాలయంలో ఒక మాట అడగడం మంచిది.

చేవ బయట, బెండు లోపల

మావ మాటకు వద్దాం. వేప, టేకు, తుమ్మ చెట్లలో చేవ లోపల ఉంటుంది. బెరడు కింద తెల్ల కర్ర, దాని లోపల నల్లటి చేవ. ఈ చెట్లు ఏటేటా బెరడు కింద కొత్త పొర వేసుకుంటూ లావెక్కుతాయి, లోపలి పాత పొరలు గట్టిపడి చేవ అవుతాయి. కొబ్బరి, తాటి అలా కాదు. ఇవి గడ్డి, వెదురు లాగా ఏకదళ బీజ జాతి. వీటికి ఏటా పొర వేసే కణజాలం లేదు, వలయాలు లేవు. మానంతా పీచు కట్టలు చల్లినట్టు ఉంటాయి. బయటి వైపు ఆ కట్టలు దట్టం, లోపలికి పోయే కొద్దీ పలచన. అందుకే కొబ్బరిలో చేవ బయట ఉంటుంది, లోపల బెండు ఉంటుంది. మొదలు దగ్గర బయటి కర్ర అన్నిటికంటే గట్టిది, తల వైపు పోయే కొద్దీ మెత్తన. ముసలి చెట్టు కర్ర లేత చెట్టు కర్ర కంటే మేలు.

అంకెల్లో చెబితే, ఘనపు మీటరుకు 600 కిలోలు దాటిన కొబ్బరి కర్రను గట్టి రకం అంటారు. 400 నుంచి 600 వరకు నడి రకం. 400 లోపు మెత్తనిది, బరువు మోసే పనికి రాదు. టేకు సుమారు 650 ఉంటుంది. అంటే మనం పొయ్యిలోకీ ఇటుక బట్టీలోకీ తోలిన మాను మొదలు భాగంలో, బయటి మూడు నాలుగు వేళ్ళ మందం, టేకుతో తూగే కర్ర.

మన దగ్గర ఇలా పోయిన మాను ఇంకోచోట ఇంటి కప్పు అయింది. 2013 నవంబరు 8 న ఫిలిప్పీన్స్‌ను హైయాన్ తుపాను కొట్టింది, అక్కడ దాన్ని యోలాండా అంటారు. దెబ్బతిన్న, కూలిన కొబ్బరి చెట్లు 3 కోట్ల 30 లక్షలని అంచనా వేశారు. వాళ్ళకూ అదే కొమ్ము పురుగు భయం, అదే తొందర. అయితే జాంబోయాంగాలో ఉన్న వాళ్ళ కొబ్బరి పరిశోధన కేంద్రం అంతకు చాలా ఏళ్ళ ముందు నుంచే కొబ్బరి కర్ర కోత మీద పని చేసి ఉంది. కొబ్బరి కలప అక్కడి ఊళ్ళలో మామూలు సరుకు. అందుకని పడిన మానుల్లో కొంత భాగాన్ని చైన్ రంపాలతోనూ చిన్న మిల్లులతోనూ అక్కడికక్కడే పలకలు, వాసాలు చేసి ఇళ్ళు నిలబెట్టుకున్నారు. ఆ ఫోటోలు మా డిగ్రీవాడు ఫోన్లో చూపిస్తే మేస్త్రి మావ చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "ఆళ్ళ రంపమూ మన రంపమే గదరా" అన్నాడు.

కోసే పద్ధతిలో ఒక మెలకువ ఉంది. టేకు దుంగను అంచు నుంచి అంచుకు వరసగా కోసుకుపోవచ్చు. కొబ్బరిని అలా కోస్తే ప్రతి పలకలోనూ నడుమ బెండు వస్తుంది. అందుకని ఒక వైపు ఒకటి రెండు పలకలు తీసి, దుంగను దొర్లించి, ఎదురు వైపు తీసి, మళ్ళీ దొర్లించి మిగతా రెండు వైపులా తీయాలి. నడుమ మిగిలే చదరపు బెండును వదిలేయాలి. మొత్తం మీద దుంగలో మూడో వంతు పనికొచ్చే కర్ర దక్కితే గొప్ప. కొబ్బరి కర్ర పన్నును తొందరగా తినేస్తుంది కూడా, ఒకటి రెండు కోతలకే ఆకురాయి తీయాల్సి వస్తుంది.

కోసిన పలకలను నీడన, నేలకు ఎత్తుగా, పలకకూ పలకకూ మధ్య సన్న బద్దలు పెట్టి పేర్చాలి, పైన రాళ్ళు పెట్టాలి, చివరలకు రంగు పూయాలి. ఎండలో పడేస్తే వంకరలు తిరుగుతాయి. మందు పట్టించని కొబ్బరి కర్రను భూమిలో పాతితే రెండు మూడేళ్ళలో పోతుంది. దానికి చోటు కప్పు కింద, గచ్చు మీద.

అడితిలో లెక్క

పదో తరగతి తమ్ముళ్ళు ఈ భాగం పెన్సిలు పట్టుకుని చదవండి. కలప అడితిలో దుంగను కొలిచేది పావు చుట్టుకొలత పద్ధతిలో. దుంగ నడుమ టేపు చుట్టి అంగుళాల్లో చుట్టుకొలత తీస్తారు. దాన్ని 4 తో భాగించి, వచ్చినదాన్ని దానితోనే గుణించి, అడుగుల్లో పొడవుతో గుణించి, 144 తో భాగిస్తే ఘనపుటడుగులు.

చుట్టుకొలత 36 అంగుళాలు, పొడవు 10 అడుగులు అనుకోండి. 36 లో పావు 9. తొమ్మిది తొమ్మిదులు 81, పదితో 810, భాగించు 144, జవాబు 5.6 ఘనపుటడుగులు. ఇప్పుడు మన లెక్కల పుస్తకంలోని స్తూప ఘనపరిమాణం సూత్రంతో చేయండి. 7.16 వస్తుంది. అడితి లెక్క అసలు లెక్కలో 78.5 శాతమే. చెక్కు, తరుగు కింద పోతుందని అడితివారు చెబుతారు, అది వ్యాపారంలో ఒప్పుకున్న మాటే. కాని చుట్టుకొలత తీసేటప్పుడు సన్న చివర దగ్గర టేపు పెట్టి, ఆ పైన తరుగు అని ఇంకోసారి కోస్తే అది రెండోసారి తరుగు. మా ఊరి జీడి, వేప దుంగలు అలా ఎన్ని పోయాయో. మా నాన్నలకు తెలియక కాదు, పైకి చెప్పలేక ఊరుకున్నారు. టేపు నడుమ పెట్టమని అడగడానికి పక్కన లెక్క తెలిసిన కుర్రాడు ఒకడుంటే చాలని ఇప్పుడు మాకు తెలుసు. సెలవుల్లో అడితికి మీరూ వెళ్ళండి.

చెవి, వేలు, కాలు

85 డెసిబెల్ మోతను మనిషి చెవి రోజుకు 8 గంటలు భరించగలదని ఒక ప్రమాణం. ఆ పైన ప్రతి 3 డెసిబెల్‌కూ సమయం సగమవుతుంది. లెక్కేయండి, 88 కి 4 గంటలు, 91 కి 2, 94 కి 1, 97 కి అరగంట, 100 కి పావుగంట. పూర్తి వేగంతో ఉన్న చైన్ రంపం 100 దాటుతుంది. 106 దగ్గర నాలుగు నిమిషాలు కూడా చెల్లవు. మన వాళ్ళు రోజంతా పడతారు, చెవిలో దూది ముక్క పెట్టుకుని. దూది దాదాపు లేనట్టే. చెవులకు పెట్టుకునే మఫ్లు 20 డెసిబెల్ పైనే తగ్గిస్తాయి. మేస్త్రి మావతో మాట్లాడాలంటే ఇప్పుడు ఎడమ చెవి వైపే నిలబడాలి.

మిషను వణుకు వేళ్ళకు పడుతుంది. ఏళ్ళ తరబడి పట్టిన చేతుల్లో రక్తనాళాలు, నరాలు దెబ్బతిని, చలి పొద్దున వేళ్ళు తెల్లబడి మొద్దుబారతాయి. చొక్కా గుండీ పెట్టుకోలేరు. సాయంత్రానికి ఒళ్ళు నొప్పులు, నొప్పి బిళ్ళ, మర్నాడు మళ్ళీ పని. ఉద్దానంలో కిడ్నీ జబ్బు సంగతి ఈ హాస్టల్లో ఎవరికీ చెప్పక్కరలేదు, మనలో చాలా మంది ఇళ్ళలో ఆ మంచం ఉంది. నొప్పి బిళ్ళలు తరచుగా మింగడం కిడ్నీకి చెరుపని డాక్టర్లు గట్టిగా చెబుతారు. ఎండలో నీళ్ళు తాగకుండా పని చేయడమూ చెరుపే. కనుక ఇంటికి వెళ్ళినప్పుడు నాన్న జేబులో బిళ్ళల అట్ట ఉందేమో చూడండి. నీళ్ళ డబ్బా పెట్రోలు డబ్బా కంటే పెద్దది ఉండాలని మా జట్టులో ఇప్పుడు నియమం.

గొలుసు సెకనుకు 20 మీటర్లు పైగా పరుగెడుతుంది, అంటే గంటకు 72 కి.మీ. బ్లేడు కొస పైభాగం దేనికైనా తగిలితే మిషను ఎగిరి మొహం మీదికి వస్తుంది. ముందు చేతి దగ్గర ఉండే బ్రేకు దీనికోసమే, చాలా మిషన్లకు అది విరిగి ఉంటుంది, ఎవరూ వేయించరు. పనివాళ్ళ కోసం ప్రత్యేకమైన ప్యాంట్లు ఉన్నాయి. వాటిలో పొడవాటి పీచు దారాలు పొరలు పొరలుగా ఉంటాయి, గొలుసు తగలగానే ఆ పీచు చక్రానికి చుట్టుకుని మిషను ఆగిపోతుంది. మన వాళ్ళు లుంగీ ఎగ్గట్టి కోస్తారు.

అయితే తుపాను చెట్లలో అన్నిటికంటే ప్రమాదం రంపం కాదు, వంగి బిగిసి ఉన్న మాను. రెండు చివరలా ఆనుకుని నడుమ గాలిలో ఉన్న మానుకు పై వైపు నొక్కుడు, కింది వైపు లాగుడు. దాన్ని పై నుంచి మూడో వంతు మాత్రం కోసి, తరువాత కింది నుంచి కోసుకు రావాలి. ఒక చివర మాత్రమే ఆనిన మానుకు ఇది తిరగబడుతుంది, ముందు కింది నుంచి కొంచెం, తరువాత పై నుంచి. లాగుడు వైపు ముందు కోస్తే మాను విల్లులా విడిపోతుంది.

2018 నవంబరులో మాలో ఒకడి చిన్నాన్న ఒకదాని మీద ఒకటి పడ్డ రెండు మానులను విడదీయబోయాడు. పై మాను విడిపోయి కాలి మీద కొట్టింది. మోకాలి కింద రెండు ఎముకలూ విరిగాయి. పని ఇచ్చిన కాంట్రాక్టరు ఆసుపత్రికి ఆటో మాట్లాడి పెట్టాడు, ఆ తరువాత కనబడలేదు. చిన్నాన్న పద్నాలుగు నెలలు మంచం మీద ఉన్నాడు. చిన్నమ్మ జీడి పప్పు ఒలుపుకు వెళ్ళి ఇల్లు నడిపింది. పెద్ద పిల్ల చదువు ఆ ఏడాది ఆగింది.

మా డిగ్రీవాడు రెండో సంవత్సరంలో ఉండగా లైబ్రరీలో 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం పుస్తకం చూశాడు. వెనుక జాబితాలో తాటిచెట్టు గీసే పని, చెట్లు కొట్టే పని అని స్పష్టంగా రాసి ఉంది. పనిలో దెబ్బ తగిలితే పని ఇచ్చినవాడు పరిహారం ఇవ్వాలి. దానికి దరఖాస్తు గడువు రెండేళ్ళు. వాడు ఆ పేజీ చదివేనాటికి దెబ్బ తగిలి నాలుగేళ్ళు దాటింది. ఆ చట్టం స్థానంలో 2025 నవంబరు 21 నుంచి సామాజిక భద్రత స్మృతి వచ్చింది, పరిహారం హక్కు అందులోనూ ఉంది. దెబ్బ తగిలిన రోజే ఆసుపత్రి చీటీలో "చెట్టు కోస్తుండగా" అని రాయించాలి, ఎవరి పనిలో ఉన్నారో రాయించాలి. చిన్నాన్న చీటీలో "జారి పడ్డాడు" అని ఉంది.

మా మొదటి దుంగ

పోయిన వేసవిలో మా ఐ.టి.ఐ. ఇద్దరం పాత మంచం కోళ్ళ ఇనుముతో చట్రం వెల్డింగు చేశాం. అద్దెకు తెచ్చిన మిషనుకు పాత గొలుసును 10 డిగ్రీలకు అరగదీసి బిగించాం. మేస్త్రి మావ చెవులకు మఫ్లు పెట్టుకుని, "ఇదేటిరా, పెళ్ళికొడుకు బాసికంలా ఉంది" అని నవ్వి, తరువాత తీయలేదు. పిడుగు పడి ఎండిపోయిన ముసలి కొబ్బరి, మొదలు నుంచి పది అడుగుల దుంగ. చుట్టుకొలత 36 అంగుళాలు, పైన లెక్క చేసింది దీన్నే. ఒక్కో కోతకు పది నిమిషాల పైన పట్టింది. మొదటి పలక పాములా వచ్చింది, నిచ్చెన సరిగ్గా నిలపక. మొత్తం ఆరు వచ్చాయి, అందులో నాలుగు గట్టివి. కాలు కొంచెం ఈడుస్తూ వచ్చి చిన్నాన్న దగ్గర కూర్చుని, చీలలు ఎక్కడ కొట్టాలో చెప్పాడు.

ఆ పలకలు ఎనిమిది నెలలు నీడన ఆరాయి. చిత్రిక పడితే గోధుమ రంగులో నల్లటి చుక్కలు, గీతలు తేలాయి, అచ్చం కోడి ఈకల్లా. వాటితో చేసిన బెంచీ హాస్టల్ స్టడీ హాలు వరండాలో వేశాం, వార్షికోత్సవానికి వచ్చినప్పుడు చూడండి. రెండో పలక నడుమ జానెడు మేర బెండు కలిసింది, అక్కడ గోరు పెడితే దిగుతుంది. లావుగా ఉన్న అన్నయ్యలు చివర కూర్చోవాలని మనవి.